డోలు మోగని విత్తనాల పండుగ

పోయిన వారం మా స్కూల్లో సైన్సు చెప్పే టీచర్ భద్రాచలం వెళ్ళి వస్తూ ఇప్పపువ్వు లడ్డూలు తెచ్చింది. స్టాఫ్ రూములో పెట్టె మూత తీయగానే ఆ వాసన గదంతా పరుచుకుంది. ఎండిన ఇప్పపువ్వు వాసన బెల్లం పాకంలా తియ్యగా మొదలై, చివరికి కొంచెం పులిసినట్టు ముక్కులో నిలిచిపోతుంది. అందరూ తలా ఒకటి తీసుకుని బాగున్నాయని తింటున్నారు. నేను మాత్రం తీసుకోలేదు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, బయట షేర్ ఆటోలు దిగుతున్న పిల్లల్ని చూస్తూ నిలబడ్డాను. ఖానాపురం హవేలిలో అద్దె ఇల్లు, పక్క వీధిలోనే ఉద్యోగం, సాయంత్రం కూరగాయల సంచీ. నా బతుకులో ఇప్పుడు భయపడాల్సింది పెద్దగా ఏమీ లేదు. అయినా ఆ వాసన తగిలితే చాలు, నా ఒళ్ళు ఇరవై ఏళ్ళ వెనక్కి వెళ్ళి, వాగు ఇవతలి ఊళ్ళో నిలబడి, జీపు చప్పుడు కోసం చెవులు రిక్కించుకుంటుంది. ఏలీశమ్మ గారు గుర్తొస్తారు.

ఆమె గురించి రాయాలని చాలాసార్లు అనుకున్నాను. ఆమెను ఎరిగినవాళ్ళు అడవి ఊళ్ళలో వందలమంది ఉంటారు గానీ వాళ్ళలో రాసేవాళ్ళు తక్కువ. ఆమె పాతికేళ్ళు నర్సుగా పనిచేసింది. టీకా మందుల పెట్టె భుజాన వేసుకుని, భద్రాచలం చుట్టుపక్కల కోయ ఊళ్ళన్నీ కాలినడకన తిరిగింది. మోకాళ్ళు అరిగాక ముందే రిటైర్మెంటు తీసుకుని, భద్రాచలంలోనే రెండు గదులు కిరాయికి పట్టి, యాత్రికులకు అడవినీ గోదావరినీ చూపించే పని మొదలుపెట్టింది. గుడికి వచ్చినవాళ్ళు పర్ణశాల చూసుకుని వెళ్ళిపోయే రోజులవి. వాళ్ళలో ఒకరిద్దరు మాత్రం ఇంకా లోపలికి వెళ్ళాలని అడిగేవాళ్ళు. అలాంటివాళ్ళ కోసం ఆమె దగ్గర ఒక పెద్ద జీపు, దాన్ని నడిపే బాజీ అనే మితభాషి, గోడ మీద చేత్తో గీసిన పటం ఒకటి ఉండేవి. ఆఫీసు మూలన ఒక బస్తా ఇప్పపువ్వు ఎప్పుడూ ఉండేది. ఊళ్ళవాళ్ళు ప్రేమతో ఇచ్చింది వద్దనలేక తెచ్చుకునేది.

నేను పాల్వంచ పిల్లను. మా నాన్న పవర్ ప్లాంటులో షిఫ్టు పని చేసేవాడు. చిన్నప్పటి నుంచీ నాకు భయం ఎక్కువ. నాన్న నైట్ షిఫ్టు నుంచి పది నిమిషాలు ఆలస్యంగా వస్తే నాకు అన్నం సహించేది కాదు. డిగ్రీ అయ్యాక ఏడాదిపాటు ఏ ఉద్యోగమూ దొరకలేదు. అప్పుడు మా చర్చిలో ఎవరో ఏలీశమ్మ గారి పేరు చెప్పారు. ఇంగ్లీషు, హిందీ మాట్లాడగలిగే ఆడపిల్ల కావాలట. వెళ్ళి కూర్చోగానే ఆమె నా సర్టిఫికెట్లు చూడకుండా, "పోయి గోదారి చూసి రా" అంది.

నేను కరకట్ట దాకా వెళ్ళి చూసి వచ్చి, మెట్ల మీద స్నానాలు చేస్తున్నవాళ్ళను, గుడి గోపురాన్ని, లాంచీలను వరసపెట్టి వర్ణించాను. ఆమె అంతా విన్నది.

"నీళ్ళ రంగేంది?"

నాకు గుర్తు రాలేదు. "మామూలుగానే ఉన్నాయండీ."

"ఎర్రబడ్డయి బిడ్డా. పొద్దున లేదు. పైన ఎక్కడనో వాన పడ్డది. మనకాడ ఎండ కాస్తంది గదా అని నువ్వు జనాన్ని పడవ ఎక్కిస్తవ్. గోపురం గురించి ఎవరన్న చెప్తరు. నువ్వు నీళ్ళను చూడాలె."

ఉద్యోగం రాదనుకుని లేచాను. "రేపు ఆరింటికల్లా రా" అందామె.

ఆ తర్వాత దాదాపు ఏడాదిన్నర ఆమె వెంట తిరిగాను. రెండువేల ఐదు, ఆరు ప్రాంతాల సంగతి. ఆమె నాకు నేర్పింది చూడడం కంటే ఎక్కువగా అడగడం. ఊరి పొలిమేరలో జీపు ఆపించి, యాత్రికులందరినీ దింపి, ముందు తను ఒక్కతే లోపలికి నడిచేది. ఊరి పెద్ద రమ్మంటేనే మిగతావాళ్ళు కదలాలి. అడక్కుండా ఫోటో తీయకూడదు. మంచం వేసి కూర్చోమంటే కూర్చోవాలి, నీళ్ళిస్తే తాగాలి. కోయ భాషలో ఏరు అంటే నీళ్ళు. ఆ ఒక్క మాట ప్రతి యాత్రికుడి చేతా పలికించేది. మామిడికాయ చెట్టు నిండా ఉన్నా, పండుగ చేసి దేవతకు పెట్టేదాకా ఆ ఊరివాళ్ళు ముట్టరు. మన పిల్లలు రాయి విసిరితే వాళ్ళు ఏమీ అనరు, కానీ వాళ్ళ ముఖాలు మారతాయి. ఆ ముఖాలు చూడడం నేర్చుకోమనేది. తను తీసుకెళ్ళే ఊళ్ళ పేర్లు ఏ కాగితం మీదా అచ్చు వేయించలేదు. నేనూ ఇక్కడ ఆ ఊరి పేరు రాయడం లేదు.

నాకు ఆ పని ఇష్టమైంది గానీ భయం పోలేదు. దారిలో పోలీసులు ఆపి ఎవరు, ఎక్కడికి అని అడిగేవారు. ఇంకా లోపలికి పోయాక పోలీసులు కానివాళ్ళు ఆపి అవే ప్రశ్నలు అడిగేవారు. ఇద్దరికీ ఏలీశమ్మ గారు ఒకే జవాబు చెప్పేది. "నర్సమ్మను. చుట్టాలను తీస్కపోతున్న." ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో ఏ మార్పూ ఉండేది కాదు. వెనక సీట్లో నేను యాత్రికుల వైపు నవ్వుతూ, చీర కుచ్చిళ్ళ చాటున వేళ్ళు నులుముకునేదాన్ని. ఆమెకు భయమన్నది తెలియదని, ఆమె ఏదో వేరే మట్టితో పుట్టిందని నమ్మాను. అలా నమ్మడం వల్లే ఆ జూన్ నెలలో అంత తప్పు చేశాననుకుంటాను.

తొలకరికి ముందు కోయ ఊళ్ళలో విత్తనాల పండుగ జరుగుతుంది. వాళ్ళు విజ్జ పండుం అంటారు. ఇంటింటి నుంచీ గుప్పెడు విత్తనాలు తెచ్చి దేవత ముందు కుప్ప పోస్తారు. అన్నీ కలిపి, పూజ చేసి, మళ్ళీ ఇంటింటికీ గుప్పెడు పంచుతారు. అది చేలో పడ్డాకే ఎవరైనా విత్తనం వేయాలి. ఆ సందర్భానికి మగవాళ్ళు కొమ్ముల తలపాగాలు పెట్టుకుని డోళ్ళు వాయిస్తారు, ఆడవాళ్ళు భుజాల మీద చేతులు వేసుకుని వరసగా ఆడతారు. పట్నంలో ఒక ట్రావెల్ ఏజెంటు ఈ పండుగ చూపిస్తామని చెప్పి తొమ్మిదిమందిని పోగుచేసి మా దగ్గరికి పంపాడు. వాళ్ళలో ప్రసాదరావు గారని విజయవాడ వైపు నుంచి వచ్చిన పెద్దమనిషి ఉన్నారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు పది మందిని నడిపించిన ధోరణి ఇంకా పోలేదు. మెడలో ఖరీదైన కెమెరా. ఆయన పక్క సీట్లో అరవై దాటిన ఒక ఆవిడ, పేరు అన్నపూర్ణమ్మ, చెల్లెలితో కలిసి వచ్చింది. ఆవిడకు షుగర్ ఉంది. మందుల సంచీ లాడ్జిలో మరిచిపోయానని దారిపొడుగునా అంటూనే ఉంది.

పదకొండింటికి ఊరు చేరాం. మధ్యలో ఒక వాగు దాటాలి. అప్పటికి చీలమండ తడిసేటన్ని నీళ్ళే ఉన్నాయి. పొలిమేరలో ఆగగానే నాకు ఏదో తేడాగా అనిపించింది. పండుగ రోజు డోలు చప్పుడు అంత దూరం వినిపించాలి. ఊరు నిశ్శబ్దంగా ఉంది. ఏలీశమ్మ గారు లోపలికి వెళ్ళి, పది నిమిషాలకు పరుగులాంటి నడకతో తిరిగొచ్చింది. ఆ మోకాళ్ళతో ఆమె అలా నడవడం నేను అంతకుముందు చూడలేదు.

"జోగమ్మకు నిన్న సాయంత్రం నుంచి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగింది. ఇక్కడ అయ్యే పని కాదు. బాజీ, బండి తిప్పు."

జోగమ్మ ఊరి పెద్దకు కోడలు. తొలి కాన్పు. మంచం మీద పడుకోబెట్టి నలుగురు మోసుకొచ్చారు. జీపు వెనక సీట్లు మడిచి ఆమెను పడుకోబెడితే, పక్కన ఏలీశమ్మ గారికి, మొగుడికి మాత్రమే చోటు మిగిలింది. ప్రసాదరావు గారు ముందుకొచ్చి, మరి మా సంగతేమిటని అడిగారు. ఆమె ఆయన ముఖంలోకి చూసి, నా వైపు చెయ్యి చూపి, "మీరు ఈడనే ఉంటరు సార్. వనజ ఉంటది. ఈ ఊరు మిమ్ముల చూసుకుంటది" అంది. నన్ను పక్కకు పిలిచి భుజం పట్టుకుంది.

"సాయంత్రానికి వస్తనేమో, రానేమో. వానొస్తే వాగు పొంగుతది. ఎవర్నీ వాగు కాడికి పోనియ్యకు."

"అమ్మా, నా వల్ల కాదు" అన్నాను.

ఆమె విన్నదో లేదో తెలియదు. జీపు మలుపు తిరిగింది. దుమ్ము అణిగాక చూస్తే తొమ్మిదిమందీ నా వైపే చూస్తున్నారు. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు.

ఊరి పెద్ద మమ్మల్ని తన పందిరి కిందికి తీసుకెళ్ళి మంచాలు వేయించాడు. ఆయన తలపాగా విప్పి చేతిలో పట్టుకుని నాతో చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది. "కబురొచ్చేదాంక డోలు ముట్టం బిడ్డా. మీ వాళ్ళకు చెప్పు, ఏమనుకోవద్దని." కొమ్ముల తలపాగాలు, డోళ్ళు గుడిసె గోడకు ఆనించి ఉన్నాయి. విత్తనాల కుప్ప మీద ఆకులు కప్పి ఉంచారు. ఆడవాళ్ళు మాకు గిన్నెల్లో జొన్న జావ పోసి ఇచ్చారు. అది తాగుతూ మావాళ్ళలో కొందరు సర్దుకున్నారు. ఇద్దరు కాలేజీ అమ్మాయిలు పిల్లలతో కలిసి నేల మీద గీతలు గీసి ఆడడం మొదలుపెట్టారు. నేను మాత్రం ప్రతి రెండు నిమిషాలకూ గడియారం చూసుకుంటున్నాను.

ఒంటిగంటకు ఎవరో అడిగారు, జీపు ఎప్పుడొస్తుందని. "గంటలో వచ్చేస్తుందండీ" అన్నాను. నాకు తెలియదు. అయినా ఆ మాట అనగానే వాళ్ళ ముఖాలు తేటబడ్డాయి. ఆ తేటదనం చూసి నాకూ గుండె కొంచెం కుదుటపడింది. రెండింటికి మళ్ళీ అడిగారు, మళ్ళీ అదే చెప్పాను. మూడింటికి ఉత్తరాన మబ్బు కమ్మింది. చినుకు మొదలై అరగంటలో జోరు వాన అయింది. పందిరి కింద, ఎండిన ఇప్పపువ్వు బస్తాల మధ్య, అందరం ఒక చోట ముడుచుకున్నాం. అక్కడ ఫోనుకు సిగ్నల్ ఉండదు. పొద్దున మాత్ర వేసుకుని సరిగా తినని అన్నపూర్ణమ్మ గారికి షుగర్ పడిపోయి చేతులు వణకడం మొదలైంది. చెల్లెలు ఆమె నోట్లో చక్కెర బిళ్ళ పెట్టి ఏడుస్తూ, "అమ్మాయీ, అక్కకేమైనా అయితే ఎవరిది బాధ్యత?" అని అడిగింది. అందరూ నా వైపు తిరిగారు. వాళ్ళ కళ్ళు నన్ను అంత ఒత్తిడి చేస్తున్నప్పుడు, నా నోట్లోంచి ఒక మాట దానంతటదే వచ్చినట్టు వచ్చేసింది.

"ఇప్పుడే కబురొచ్చిందండీ. జీపు వాగు అవతలి ఒడ్డుకు వచ్చి ఆగి ఉంది. నీళ్ళు తగ్గగానే దాటుతుంది."

ఎవరూ కబురు తేలేదు. ఒక్కసారిగా పందిరి కింద నిట్టూర్పులు వినిపించాయి. చెల్లెలు కళ్ళు తుడుచుకుంది. ఎవరో నన్ను మెచ్చుకున్నారు కూడా. నేను కాస్త దూరంగా వెళ్ళి గోడకు ఆనుకుని, వాన వెలిసేలోపు నిజంగానే జీపు రావాలని ప్రార్థన చేసుకున్నాను.

వాన తగ్గింది. అన్నపూర్ణమ్మ గారికి జావ పట్టించి వచ్చి లెక్కపెడితే ఎనిమిదిమందే ఉన్నారు. ప్రసాదరావు గారు లేరు. మంచం కింద ఆయన చెప్పులు కూడా లేవు. కాలేజీ అమ్మాయి చెప్పింది, "అంకుల్ వాగు దాకా వెళ్ళారక్కా. జీపు అవతలే ఉంది కదా, దాటి వెళ్ళి మందులు తెప్పిస్తానన్నారు."

నేను ఎలా పరుగెత్తానో నాకు తెలియదు. చెప్పు ఒకటి బురదలో ఊడిపోయింది. నా వెనకే ఊరి పెద్ద, ఆయన తమ్ముడు, ఇంకో ఇద్దరు వస్తున్నారు. వాగు కనబడేలోపే దాని చప్పుడు వినిపించింది. పొద్దున చీలమండ తడిపిన నీళ్ళు ఇప్పుడు ఎర్రగా, నురుగుతో, కొమ్మల్ని దొర్లించుకుంటూ పోతున్నాయి. ప్రసాదరావు గారు నడుము లోతులో ఉన్నారు. కెమెరాను ఒక చేత్తో తల మీద పట్టుకుని, అవతలి ఒడ్డును చూస్తూ అడుగు వేస్తున్నారు. అవతలి ఒడ్డున ఏమీ లేదు. నేను కేక వేశాను. ఆయన తల తిప్పి చూశారు. ఆ తిప్పడంలోనే కాలు జారింది.

కెమెరా ముందు పోయింది. తర్వాత ఆయన తల మునిగింది. ముప్పై నలభై అడుగుల దూరంలో ఒడ్డుకు వంగిన చెట్టు వేర్లకు ఆయన చొక్కా చిక్కుకుని ఆగారు. ఊరి పెద్ద తమ్ముడు నడుముకు తాడు కట్టుకుని దిగాడు. మిగతా ముగ్గురూ ఒడ్డున తాడు పట్టుకున్నారు. నేను ఏమీ చేయలేదు. బురదలో మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. ఆయన్ని లాగి గట్టున పడుకోబెట్టేసరికి, మోకాలి కింద నుంచి చీలమండ దాకా చీరుకుపోయి రక్తం కారుతోంది. నీళ్ళు కక్కి, ఊపిరి తీసుకుని, ఆయన మొదట అడిగింది ఇదే.

"జీపేదమ్మా?"

నలుగురు మగవాళ్ళూ నన్ను చూశారు. ఊరి పెద్ద తమ్ముడికి నడుము దగ్గర తాడు ఒరుసుకుని తోలు లేచిపోయింది.

"లేదండీ. రాలేదు. నేను అబద్ధం చెప్పాను."

ఆయన కళ్ళు మూసుకున్నారు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని చాలా ఏళ్ళు అనుకున్నాను.

ఆ రాత్రంతా పందిరి కింద ఎవరూ నాతో మాట్లాడలేదు. అన్నపూర్ణమ్మ గారు తట్టుకున్నారు. ప్రసాదరావు గారి కాలికి ఏదో ఆకు నూరి కట్టింది ఊరి పెద్ద భార్య, జోగమ్మ అత్త. తన కోడలు ఏమైందో తెలియకుండా ఆమె ఆయన కాలికి కట్టు మార్చిమార్చి కట్టింది.

తెల్లారాక వాగు తీసింది. ఏడింటికి ఏలీశమ్మ గారు చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టుకుని, బాజీ చెయ్యి పట్టుకుని నీళ్ళు దాటి నడిచి వచ్చింది. జీపు నిజంగానే అవతలి ఒడ్డున ఆగి ఉంది. ఆమె మా ఎవరి వైపూ చూడకుండా నేరుగా ఊరి పెద్ద ఇంటికి వెళ్ళి, జోగమ్మ అత్త ముందు నేల మీద కూర్చుంది. కోయలో ఏదో చెప్పింది. పెద్దామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. ఆ సంగతి ఎవరూ అనువదించకుండానే మాకందరికీ తెలిసింది.

ఊరి పెద్ద వెళ్ళి విత్తనాల కుప్ప మీది ఆకులు తీశాడు. డోలు ఎవరూ ముట్టలేదు. పాట లేదు. వాన పడ్డది, నేల పదునెక్కింది, ఆగడానికి లేదని ఏలీశమ్మ గారు మాకు మెల్లగా చెప్పింది. ఆయన విత్తనాలు రెండు చేతులా కలిపి, దేవత ముందు తల వంచి లేచాడు. ఊరంతా వరసగా నిలబడింది. మొదటి గుప్పెడు తీసుకోవడానికి ముందుకు వచ్చింది జోగమ్మ అత్త. కొంగు పట్టి విత్తనాలు పోయించుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకోకుండానే చేను వైపు నడిచింది. మావాళ్ళు తొమ్మిదిమందీ లేచి నిలబడ్డారు. ప్రసాదరావు గారు కట్టు కట్టిన కాలితో పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డారు. చూపించడానికి తెచ్చిన పండుగ అది కాదు. నేను చూసిన పండుగల్లో మాత్రం నాకు అర్థమైంది అదొక్కటే.

వాగు దాటే ముందు ఏలీశమ్మ గారికి అంతా చెప్పాను. దాచాలన్న ఆలోచన కూడా రాలేదు. ఆమె ఒక రాయి మీద కూర్చుని పాదాలు కడుక్కుంటూ విన్నది.

"గట్ల ఎందుకు చెప్పినవ్?"

"వాళ్ళు భయపడుతున్నారమ్మా."

"వాళ్ళా, నువ్వా?"

నేను నా కాలికి మిగిలిన ఒక్క చెప్పును విప్పి చేతిలోకి తీసుకున్నాను.

"తెల్వదని చెప్పాల్సింది. నాకు తెల్వదు అంటే వాళ్ళు తిట్టుదురు, ఏడుద్దురు. కానీ ఈడనే కూసుందురు." పాదాలు తుడుచుకుని, "మోకాళ్ళు నొస్తున్నయి, చెయ్యియ్యి" అంది. ఆ చేయి పట్టుకునే వాగు దాటాను. దాటేటప్పుడు ఎవరు ఎవరి చేయి పట్టుకున్నారో నాకు ఇప్పటికీ స్పష్టంగా తెలియదు. ఆమె నన్ను ఉద్యోగం మానుకోమని అనలేదు. రెండు రోజుల తర్వాత ఊరి పెద్ద తమ్ముడికి క్షమాపణ చెప్పుకోవడానికి నన్ను ఒక్కదాన్నే పంపింది.

ఆ ఏజెంటు తర్వాత మనుషుల్ని పంపడం మానేశాడు. జరిగిన సంగతి మిగతా ఏజెంట్లకూ పాకింది. ఇంకో ఏడాదికి ఏలీశమ్మ గారు ఆఫీసు మూసి, అశ్వారావుపేటలో తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయింది. పామాయిల్ తోటల మధ్య ఇల్లు. నేను బి.ఎడ్. చేసి టీచర్నయ్యాను. పండుగలకు వెళ్ళి ఆమెను చూసొచ్చేదాన్ని. ఆ రోజు గురించి మేమిద్దరం మళ్ళీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆమెకు భయం తెలియదని, నాకు తెలిసిందల్లా అదేనని, ఆ తేడా మా మధ్య ఎప్పటికీ ఉంటుందని అనుకుంటూనే ఉన్నాను.

ఆమె పోయినప్పుడు అశ్వారావుపేట వెళ్ళాను. చిన్న చర్చి నిండిపోయి, బయట ఎండలో కూడా జనం నిలబడ్డారు. సగానికి పైగా అడవి ఊళ్ళ నుంచి ట్రాక్టర్లలో వచ్చినవాళ్ళు. సమాధి దగ్గర మట్టి వేసి పక్కకు వచ్చాక, ఒక ఆడమనిషి నా దగ్గరికి వచ్చి నిలబడింది. పక్కన ఎనిమిదేళ్ళ ఆడపిల్ల, చంకలో ఇంకొకడు.

"నన్ను గుర్తువట్టలేదా? జోగమ్మను. ఆ పొద్దు మీ బండిల నన్నే తీస్కవోయిండ్రు."

నేను ఆమె చేతులు పట్టుకున్నాను. ఏలీశమ్మ గారు ఉండబట్టి నువ్వు బతికావని, ఆమెది ఎంత ధైర్యమోనని ఏదో అన్నాను. జోగమ్మ తల అడ్డంగా ఊపింది.

"ధైర్యమేడిది అక్కా. బండిల నర్సమ్మ చేతులు వణికినయి. నేను చచ్చిపోతనా అని అడిగిన. తెల్వదు బిడ్డా అన్నది. నాకు కూడ శానా భయమైతందే, ఇద్దరం భయపడుకుంట పోదాం, చెయ్యి మాత్రం ఇడువను అన్నది. ఇడువలే. దవాఖాన్ల వాళ్ళు లోపలికి తీస్కపోయేదాంక ఇడువలే."

చంకలో పిల్లాడు ఏడవడం మొదలుపెడితే ఆమె వాడిని జోకొడుతూ ట్రాక్టరు వైపు వెళ్ళిపోయింది. నేను అక్కడే ఉండిపోయాను. చెక్‌పోస్టుల దగ్గర మారని ఆ గొంతు వెనక ఏముండేదో, ముందు సీట్లో ఆమె వేళ్ళు ఏం చేస్తుండేవో నేను ఒక్కసారి కూడా చూడలేదు. నీళ్ళ రంగు చూడమని నేర్పిన మనిషి రంగును నేను చూడలేకపోయాను.

నాకు భయం ఇప్పటికీ పోలేదు. అది పోయేది కాదని ఒప్పుకున్నాను. పోయిన ఏడాది తొమ్మిదో తరగతి ఆడపిల్లల్ని నలభై మందిని గోదావరి మీద లాంచీలో తీసుకెళ్ళాను. మధ్యలో ఇంజను ఆగిపోయింది. కొండల మధ్య నీళ్ళు తప్ప ఏ చప్పుడూ లేదు. పిల్లలు నా చుట్టూ మూగారు. టీచర్, ఏమైంది, ఎప్పుడు కదులుతుంది, మనకేమీ కాదు కదా. అందరికీ లైఫ్ జాకెట్లు సరిగ్గా ఉన్నాయో లేదో ఒక్కొక్కరినీ తడిమి చూశాను. తర్వాత అందరూ వినేట్టు చెప్పాను. "ఎప్పుడు కదులుతుందో నాకు తెలియదమ్మా. నాకూ భయంగానే ఉంది. ఎవరూ లేవకండి, దగ్గరదగ్గరగా కూర్చుందాం."

ఎవరూ ఏడవలేదు. ఎవరూ లేవలేదు. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్ల జరిగి జరిగి నా పక్కకు వచ్చి, నా చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. దాని చేతులు చల్లగా ఉన్నాయి. నావీ అంతే.